పిల్లవాడి నోట బూతు విన్నప్పుడు

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లవాడి నోట మొదటిసారి బూతు విన్న తల్లిదండ్రులు చెయ్యైనా ఎత్తుతారు, లేదా "ఎక్కడ నేర్చుకున్నావురా ఈ మాటలు?" అని నిలదీస్తారు. ఆ ప్రశ్నకు నిజమైన జవాబు చాలా ఇళ్లలో ఇబ్బందికరంగానే ఉంటుంది (ట్రాఫిక్‌లో నాన్న బండి నడుపుతున్నప్పుడు వెనక కూర్చున్నది ఎవరు?) కనుక దానిని పక్కన పెట్టి, ఆ మాట అక్కడ ఏ పని చేయడానికి వచ్చిందో ముందు గమనించాలి.

దెబ్బ తగిలినప్పుడో, ఆటలో ఓడినప్పుడో ఎవరినీ ఉద్దేశించకుండా నోరు జారితే శిక్షించవలసిన అవసరం లేదు. ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో, మంచులాంటి చన్నీళ్లలో చెయ్యి ముంచినవారు మామూలు పదం పలికినప్పటికంటే తిట్టు పలికినప్పుడు ఎక్కువసేపు ఓర్చుకోగలిగారు. మన నానమ్మలు "నీ దుంప తెగ", "నీ మొహం మండ" అంటూ ఈ పనిని బూతు లేకుండానే నెరవేర్చుకున్నారు. అటువంటి తిట్లు ఇంట్లో బతికి ఉంటే పిల్లలకూ ఒక దారి దొరుకుతుంది.

స్నేహితుల మధ్య వాడే బూతు సంగతి వేరు. అక్కడ అది కోపం కాదు, "నేనూ మీలో ఒకణ్ణే" అని చెప్పుకొనే గుర్తు. అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో, కారు నడిపే కంప్యూటర్ ఆటలో కౌమార వయస్కులు ఒంటరిగా ఉన్నప్పటికంటే తోటివారు చూస్తున్నప్పుడు చాలా ఎక్కువ తెగింపు చూపారు. పెద్దవారిలో ఆ తేడా రాలేదు. బూతు కూడా అటువంటి చిన్న తెగింపేనని నా అభిప్రాయం. అందుచేత స్నేహితుల ముందు మందలిస్తే ఆ మాటకు విలువ పెంచినట్లవుతుంది. వారు వెళ్లిన తరువాత, అన్నం తినేటప్పుడో, బండి మీద వెళ్లేటప్పుడో, చెల్లి ముందు, తాతయ్య ముందు, తరగతి వాట్సాప్ గ్రూపులో ఆ మాట రాకూడదని హద్దు చెప్పాలి. పూర్తిగా మానమంటే మీకు వినబడకుండా అనడం మాత్రమే నేర్చుకుంటాడు.

తరువాత నెమ్మదిగా ఆ మాటకు అర్థం అడగండి. తెలుగులో అనడానికి నోరు రాని మాటను మన పిల్లలు ఇంగ్లీషులోనో హిందీలోనో అలవోకగా అనేస్తారు, ఎందుకంటే తరువాత నేర్చుకున్న భాషలోని బూతు అమ్మభాషలోని బూతు అంత పదునుగా తగలదు. దానిని మనసులో తెలుగులోకి మార్చుకొమ్మంటే, అది ఎవరి తల్లినో, అక్కచెల్లెళ్లనో అంటున్నదని వాడికే అర్థమవుతుంది. ఇదే మాట ఆడపిల్ల అంటే ఇల్లంతా అదిరిపోతుంది కానీ, హద్దు ఇద్దరికీ ఒకటే ఉండాలి.

ఒకరిని గురిపెట్టి, కులం, రంగు, అంగవైకల్యం ఎత్తి అన్న మాటను మాత్రం ఊరుకోకూడదు. ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని ఆ వర్గాలకు చెందనివారు పదిమంది చూసే చోట కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని స్పష్టంగా చెప్పి, మాటపడిన పిల్లవాడి దగ్గరకు మీరే వెంట తీసుకెళ్లి క్షమాపణ చెప్పించాలి. మందలింపు ఎంత గట్టిగా ఉన్నా ఆ పని ఇంట్లోనే ముగిసిపోకూడదు.

మరునాడు ట్రాఫిక్‌లో మీ నోరే జారితే, వెనక సీటు వైపు తిరిగి "తప్పయింది నాన్నా" అనండి.