కంటి వాపుకి స్టెరాయిడ్ వాడుతుంటే వచ్చే తంటాలు: ఏది ఎందుకు, ఏం చేయాలి

మాది ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి. నాకు యువైటిస్, అంటే కంటి మధ్య పొరకి వాపు. దీనికి స్టెరాయిడ్ సరైన మందే, వాడకపోతే చూపు పోవచ్చు. మనం చెడగొట్టుకునేది రెండు చోట్ల: మనంతట మనమే పొడిగించడం, మనంతట మనమే ఆపేయడం.

కన్ను తెల్లగా ఉంది, నొప్పి లేదు, అయినా పక్కనుంచి వచ్చే బండి కనపడటం లేదు

కంటి ప్రెషర్ పెరిగి ఉండొచ్చు. మామూలుగా 10 నుంచి 21 ఉండాలి. స్టెరాయిడ్ చుక్కలు మొదలెట్టిన కొన్ని వారాలకే కొందరికి ఇది పైకి పోతుంది, చాలాసార్లు ఏమీ తెలియదు. నాకు విశాఖలో నాలుగు వారాలకి, అదీ తగ్గించుకుంటూ రమ్మని రాశారు. మళ్లీ ఎర్రబడితే ఖాళీ సీసా పట్టుకెళ్లి షాపులో చూపించాను, ఇంకోటి చేతిలో పెట్టాడు, అలా ఐదు నెలలు. తర్వాత చూపిస్తే 34. డాక్టరుగారు సీసా తిప్పి చూసి "ఇది ఎవరు వేసుకోమన్నారు?" అన్నారు, నా దగ్గర జవాబు లేదు.

పరిష్కారం: వెళ్లిన ప్రతిసారీ ప్రెషర్ చూడమని అడగండి. స్టెరాయిడ్ మారుస్తారు, తగ్గిస్తారు, టిమొలాల్ లాంటి చుక్కలు ఇస్తారు. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి, టిమొలాల్‌తో ఊపిరాడక ఇబ్బంది అవుతుంది. నీటికాసులతో (గ్లకోమా, అంటే ప్రెషర్ వల్ల కంటి నరం దెబ్బతినడం) పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.

మనకి ఇంకో చిక్కుంది. ఇక్కడ ఒక డాక్టరు, ఆంధ్రాలో ఇంకో డాక్టరు, రెండు చీటీల్లో రెండు పేర్లు, లోపల ఒకటే మందు. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, డైఫ్లుప్రెడ్నేట్ ఉంటే అన్నీ స్టెరాయిడ్లే.

ఎండలోనూ, ఎదురు బండి లైటు పడినా మసక

శుక్లం. చుక్కలతో కరగదు, ఆపరేషనే. వాపు పూర్తిగా అణిగి కొన్ని నెలలు నిలకడగా ఉన్నాకే చేస్తారు, తొందరపెట్టకండి.

వేసేకొద్దీ నొప్పి ఎక్కువవుతోంది, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ

వరి కోతల్లో ఆకు గీసుకున్న కంట్లో ఫంగస్ పట్టి ఉండొచ్చు, లేదా హెర్పిస్ అనే వైరస్. స్టెరాయిడ్ దానికి ఎరువు వేసినట్టే. సొంతంగా కొన్న చుక్కలైతే ఆపేసి, డాక్టరు రాసినవైతే ఫోన్ చేసి అడిగి, అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లండి, సీసా వెంట తీసుకెళ్లండి.

స్టెరాయిడ్ మాత్రలు ఆపిన కొద్ది రోజులకి వాంతులు, లేస్తే కళ్లు తిరగడం

ఇది అన్నిటికన్నా ప్రమాదం. వారాల తరబడి ప్రెడ్నిసొలోన్ మింగితే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేయడం తగ్గించేస్తాయి, ఒక్కసారిగా ఆపితే ఒంట్లో ఆ హార్మోన్ చాలదు. గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకుండా క్యాజువాల్టీకి వెళ్లి "స్టెరాయిడ్ వాడి ఆపేశాను" అనే మాట ముందు చెప్పండి. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్ ఎక్కిస్తారు.

మిగతావి: దాహం, మాటిమాటికీ మూత్రం అయితే షుగర్ చూపించుకోండి. గజ్జల్లో నొప్పి, కుంటు అయితే తుంటి ఎముకకి రక్తం అందడం లేదేమో. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎంఆర్ఐ అడగండి. నల్లటి విరేచనం, ముఖ్యంగా నొప్పి బిళ్లలు కూడా మింగుతుంటే, వెంటనే ఆసుపత్రికి. సాయంత్రం జ్వరం, దగ్గు ఉంటే టీబీ పరీక్ష.

స్టెరాయిడ్ తగ్గించడానికి మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కసారే. రోజూ మింగితే ప్రాణం మీదకొస్తుంది. మా ఇంట్లో గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం గడిలో ఎర్ర పెన్నుతో "మె" అని రాసుంటుంది, మిగతా గడుల్లో ఆ రోజు ఎన్ని ప్రెడ్నిసొలోన్ మాత్రలో అంకె.