మెడ నిలవని బిడ్డ: ఊరి నుంచి జిల్లా ఆసుపత్రి దాకా ఏది ముందు, ఏది వెనక

పల్లె నుంచి జిల్లా ఆసుపత్రికి ఒక్కసారి వెళ్లొస్తే తల్లిదండ్రులిద్దరి కూలీ పోతుంది. బస్సు ఛార్జీ, బయట తిండి దానికి అదనం. తీరా వెళ్తే ఫలానా కాగితం లేదు, వచ్చే వారం రమ్మంటారు. నాలుగుసార్లు ఇలా తిరిగాక ఎవరైనా మానేస్తారు. దాన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలకు, కండరాల పట్టుకు వచ్చే లోపం) ఉన్న బిడ్డకు ఏళ్ల తరబడి వైద్యం కావాలి కాబట్టి, ఏ ప్రయాణమూ వృథా పోకుండా చూసుకోవడమే అసలు పని.

నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోవడం, పిడికిళ్లు విప్పకపోవడం, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా బిగుసుకోవడం, ఏడాది లోపే అన్నీ ఒకే చేత్తో అందుకోవడం. ఇవి దాని గుర్తులు కావచ్చు, వీటిలో ఒక్కటి కనిపించినా ఆగొద్దు. ‘వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు’ అనే మాటతో ఏడాది గడిచిపోతుంది. మెదడు వేగంగా ఎదిగే కాలం అదే.

ముందు ఆశా కార్యకర్తకో అంగన్‌వాడీ టీచరుకో చెప్పండి. పిల్లలను పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమమైన ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. అది ఈమధ్యే వచ్చి వెళ్లిపోయి ఉంటే మళ్లీ వచ్చేదాకా కూర్చోకుండా పీహెచ్‌సీకి వెళ్లి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రిఫరల్ చీటీ రాయించుకోండి. ఆ కేంద్రాన్ని అందరూ డైక్ అంటారు. అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియోథెరపీ ఉచితం. బయల్దేరే ముందు ఫోన్ చేసి, ఏ రోజు ఎవరుంటారో కనుక్కోండి. చూపు, వినికిడి పరీక్షలు కూడా అదే రోజు చేయమని మీరే అడగండి. ఈ పిల్లల్లో ఆ రెండు లోపాలూ తరచుగా ఉంటాయి, కాళ్లూ చేతుల మీదే దృష్టి పెడితే అవి మరుగున పడిపోతాయి.

ఫిట్స్ వస్తుంటే ఫోన్‌లో వీడియో తీయండి. ముఖం, రెండు చేతులూ, రెండు కాళ్లూ కనపడాలి. ఎన్ని నిమిషాలు వచ్చిందో రాసుకోండి. డాక్టరుకు నోటి మాట కన్నా ఆ వీడియో ఎక్కువ చెబుతుంది. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టొద్దు, నోట్లో ఏదీ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

ఇక కాగితాలు. ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో చివర ఉన్నా తిప్పి పంపుతారు. బిడ్డకు అయిదేళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు వేయించాలి. వేళ్లు బిగుసుకుపోయి ముద్ర పడకపోతే, బయోమెట్రిక్ ఎక్సెప్షన్ కింద నమోదు చేయమని ఆపరేటరును అడగండి. ఆ వెసులుబాటు ఉంది.

తర్వాత సదరం, అంటే వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సర్టిఫికెట్. స్లాటు ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో లేదా యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో. క్యాంపుకి పాత చీటీలు, స్కానింగులు అన్నీ తేదీల వరుసలో పెట్టుకెళ్లండి. జిరాక్సులు మూడు సెట్లు, ఒరిజినల్స్ విడిగా ప్లాస్టిక్ కవర్లో. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. చిన్నపిల్లలకు సాధారణంగా ఇచ్చేది తాత్కాలిక సర్టిఫికెట్. దాని గడువు తేదీని క్యాలెండరు మీద రాసి పెట్టుకోకపోతే ఒకరోజు పింఛను ఆగిపోయాక తెలుస్తుంది.

సర్టిఫికెట్ రాగానే నిరామయ బీమా కట్టండి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే పథకం ఇది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. పేద కుటుంబాలకు మొదటిసారి రుసుము 250 రూపాయలు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొస్తుంది. నిరామయ ఓపీకి, థెరపీకి కూడా వర్తిస్తుంది, అందుకే వదులుకోకూడదు. అయితే డబ్బు ముందు మీరే కట్టి, తర్వాత బిల్లు పెట్టుకోవాలి. బిల్లు మీద బిడ్డ పేరు, తేదీ, సంతకం, ముద్ర లేకపోతే తిరస్కరిస్తారు. ఏటా మార్చి 31లోగా రెన్యువల్ మర్చిపోవద్దు.

థెరపీ కోసం వారం వారం జిల్లాకు తిరగలేరు, తిరగనక్కర్లేదు కూడా. మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో కనుక్కోండి. అసలు మార్పు తెచ్చేది రోజూ ఇంట్లో చేసే వ్యాయామం. థెరపిస్టు చూపించినప్పుడు వీడియో తీసుకుని, వాళ్ల ముందే మీరు చేసి చూపించండి. స్నానం చేయించాక, గోరువెచ్చని నీళ్లకు కండరాలు సడలినప్పుడు మెల్లగా చేయండి, బలవంతంగా లాగొద్దు. అన్నం పడుకోబెట్టి పెట్టడం ప్రమాదం, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నడుము నిటారుగా, గడ్డం కాస్త కిందికి ఉండేలా కూర్చోబెట్టి, మెత్తగా కలిపి కొంచెం కొంచెంగా పెట్టండి.

సహాయ పరికరాల క్యాంపులో ఇచ్చే సీపీ చైర్ (సెరిబ్రల్ పాల్సీ పిల్లల కుర్చీ) తీసుకునేటప్పుడు బిడ్డను కూర్చోబెట్టి చూడండి. పాదాలు పలక మీద ఆనాలి, మోకాళ్లు లంబంగా వంగాలి. పెద్దదైతే బిడ్డ జారిపోతుంది, వెన్ను వంకర పోతుంది. ‘పెరిగాక సరిపోతుందిలే’ అని తీసుకోవద్దు.

ఫిట్స్ మందు పది రోజులకు సరిపడా ఉండగానే కొత్త సీసా తెచ్చుకోండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. సిరప్‌ను చెంచాతో కాక సూదిలేని సిరంజితో కొలవండి. కంపెనీ మారితే 5 మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములో సీసా మీద చదివి, పాత సీసాతో పోల్చాకే వేయండి.