ఎక్స్‌త్రెమదూరాకు వస్తున్నారా? ముందు పంటల క్యాలెండర్ చూసుకోండి

స్పెయిన్‌లో బదహోస్ పట్టణంలోని వ్యవసాయ ఇంజినీరింగ్ కాలేజీలో చదవడానికో, టమాటా ఫ్యాక్టరీలో పనికో, సోలార్ ప్లాంటు కాంట్రాక్టు మీదో ఇక్కడికి వచ్చే మనవాళ్ళు ఫోన్ చేసి ముందు అడిగేది అద్దె ఎంత, ఇండియన్ షాపు ఉందా అని. నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ నెలలో దిగుతున్నారు? గది దొరకడం, పని దొరకడం, ఆఫీసులో మనిషి దొరకడం, ఆఖరికి స్నేహితులు దొరకడం కూడా ఇక్కడ పంటను బట్టే ఉంటుంది. నేను తెలియక ఆగస్టు రెండో వారంలో దిగాను. ఆఫీసుల్లో సగం కుర్చీలు ఖాళీ. ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఊళ్ళలో నేను అడిగిన గదులన్నీ అప్పటికే కోత పనికి వచ్చినవాళ్ళు తీసేసుకున్నారు. షాపులు మధ్యాహ్నం రెండుకు మూస్తే మళ్ళీ సాయంత్రం గాని తీయరు. బయట 42 డిగ్రీలు. రామగుండం ఎండలు చూసినవాణ్ణి కాబట్టి తట్టుకున్నాను.

ఊరి సంగతి కాస్త చెప్పుకుందాం. ఎక్స్‌త్రెమదూరా స్పెయిన్‌కు నైరుతిన, పోర్చుగల్‌ను ఆనుకుని ఉంటుంది. రెండే జిల్లాలు, కాసెరెస్, బదహోస్. రాజధాని మెరిదా ఆ రెండు పట్టణాల కంటే చిన్నది. విస్తీర్ణం 41 వేల చదరపు కిలోమీటర్ల పైన, జనం పది లక్షల పైచిలుకు. అంటే చదరపు కిలోమీటరుకు పాతిక మంది. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో అదే చోట 300 మందికి పైగా ఉన్నారు. మాడ్రిడ్ నుంచి బస్సులో వస్తుంటే ఓక్ చెట్లు, గొర్రెలు, మళ్ళీ ఓక్ చెట్లు, మనిషి కనబడితే ఒట్టు.

జనం లేకపోవడానికి కారణం నేల కాదు. పెద్ద పెద్ద కమతాలు కొద్దిమంది చేతుల్లో ఉండిపోయాయి, మిగతావాళ్ళకు రోజుకూలీ తప్ప దారి లేకపోయింది. 1960, 70లలో లక్షలమంది మాడ్రిడ్‌కు, బార్సిలోనాకు, బాస్క్ ప్రాంతానికి, జర్మనీకి వెళ్ళిపోయారు. పాలమూరు వలస గురించి విన్నవాళ్ళకు ఇది కొత్త కథేం కాదు. 2014–2020 మధ్య యూరోపియన్ యూనియన్ నిధుల పంపకంలో స్పెయిన్ మొత్తం మీద ‘వెనుకబడిన ప్రాంతం’ అనే వర్గంలో ఉన్నది ఇదొక్కటే. తలసరి ఉత్పత్తి యూనియన్ సగటులో 75 శాతం దాటకపోతే ఆ వర్గంలో వేస్తారు. ఆ వలసపోయినవాళ్ళ పిల్లలు, మనవలు ఆగస్టులో ఊరి పండగకు తిరిగొస్తారు. మిగతా పదకొండు నెలలు తాళం వేసి ఉండే ఇళ్ళలో ఆ నెలలో లైట్లు వెలుగుతాయి. అందుకే ఆగస్టులో ఇల్లు వెతకొద్దంటాను.

కాగితాల పని త్వరగా ముగించేద్దాం. వీసా ఆరు నెలలకు మించినదైతే, దేశంలో అడుగుపెట్టిన నెలలోపు విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయాలి, పోలీసు ఆఫీసులో వేలిముద్రలివ్వాలి. అపాయింట్‌మెంట్ లేకుండా తలుపు కూడా తీయరు. ఇంతకంటే ముఖ్యం, ఊరి మునిసిపాలిటీ రిజిస్టరులో పేరెక్కించుకోవడం, ఇక్కడ దాన్ని పద్రోన్ అంటారు. పైసా ఖర్చు లేదు, కానీ ఆరోగ్య కార్డుకూ, పిల్లల బడికీ, రేపు రెసిడెన్సీ పొడిగింపుకూ అదే ఆధారం. నా మొదటి ఇంటి యజమాని అద్దె తీసుకున్నాక ‘పద్రోన్ మాత్రం కుదరదు’ అన్నాడు. రెండు నెలలు అలా పోయాయి. డబ్బు చేతిలో పెట్టకముందే ఆ మాట అడగండి. మన డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడి లైసెన్సుగా మారదు. రెసిడెన్సీ వచ్చాక ఆరు నెలలు గడిస్తే అది పనికిరాదు, మళ్ళీ మొదటినుంచి పరీక్ష రాయాల్సిందే. రాతపరీక్ష ఇంగ్లిష్‌లో రాయొచ్చు. బద్ధకించకుండా మొదలుపెట్టండి, ఎందుకంటే పొలాలు, ఫ్యాక్టరీలు అన్నీ బస్సు వెళ్ళని చోటే ఉంటాయి.

ఇక పని. గ్వాదియానా నది వెంబడి ఉన్న పచ్చదనమంతా 1952లో మొదలైన బదహోస్ ప్లాన్ పుణ్యం. ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్వి, కాలువల వెంట కొత్త ఊళ్ళు కట్టి రైతులను తెచ్చిపెట్టారు. గ్వాదియానా పేరు తోకగా పెట్టుకున్న ఊళ్ళు, గీత గీసినట్టున్న వీధులు, నడుమ ఒక చర్చి కనిపిస్తే అవి ఆ కాలం ఊళ్ళే. స్పెయిన్‌లో ఫ్యాక్టరీకి వెళ్ళే టమాటాలో అధిక భాగం ఇక్కడే పండుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నాటుతారు, జూలై చివర నుంచి సెప్టెంబరు దాకా యంత్రాలతో కోస్తారు. ఆ రెండు నెలలను అందరూ కంపాన్యా అంటారు. ఫ్యాక్టరీ రాత్రీపగలూ నడుస్తుంది, లారీలు వరస కడతాయి, గాలిలో ఉడికిన టమాటా వాసన. గుజ్జును చిక్కబెట్టి, గాలి చొరని సంచుల్లో నింపి, డ్రమ్ముల్లో పెట్టి ఉత్తర యూరప్‌కు పంపేస్తారు. కెచప్ సీసా మీద పేరు మాత్రం వేరేవాళ్ళది.

మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్ళకు ఒక తేడా వెంటనే తెలుస్తుంది. ఇక్కడ నారు నాటకముందే ధర కుదురుతుంది. రైతులు సంఘాలుగా చేరి ఫ్యాక్టరీతో కాగితం మీద ఒప్పందం రాసుకుంటారు, లారీ గేటు దగ్గర ఆగినప్పుడు నమూనా తీసి చక్కెర శాతం, పాడైన కాయలు లెక్కచూస్తారు. 2013లో వచ్చిన ఆహార గొలుసు చట్టాన్ని 2021లో గట్టి చేశారు, రైతుకయ్యే ఖర్చు కంటే తక్కువకు కొనడం ఇప్పుడు చట్టవిరుద్ధం. గిట్టుబాటు ధర అనే మాటకు చట్టంలో చోటు దొరికిందన్నమాట. అలాగని రైతు నవ్వుతూ తిరుగుతున్నాడనుకోకండి. 2022లో కరువొచ్చి కాలువ నీళ్ళు తగ్గించేసరికి దోన్ బెనీతో, వియనువేవా వైపు వరి పొలాలు చాలా వరకు బీడు పెట్టారు. ధర ముందే కుదిరినా నీళ్ళు కుదరకపోతే ఏం లాభం?

మీరు చదువుకున్నవాళ్ళయితే ఉద్యోగం వెతకాల్సింది పొలంలో కాదు, పొలానికీ డ్రమ్ముకీ మధ్య. నాణ్యత ల్యాబులు, నీటి పారుదల సెన్సార్లు, ఎగుమతి కాగితాలు, సహకార సంఘాల లెక్కలు. మెరిదాకూ బదహోస్‌కూ మధ్య, గ్వాదహీరా దగ్గర ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. పశువైద్యం చదివినవాళ్ళకు కాసెరెస్‌లో ఫ్యాకల్టీ. స్టూడెంట్ వీసా మీద వారానికి 30 గంటల వరకు పని చేయొచ్చు. అయితే కోత పనికి వెళ్ళినా, ప్యాకింగుకు వెళ్ళినా, నోటిమాట మీద చేరొద్దు. నేను మొదటి ఏడు ఒకచోట పన్నెండు రోజులు పనిచేస్తే సామాజిక భద్రత లెక్కలో నాలుగు రోజులే చూపించారు. వీదా లబొరాల్ అనే పత్రం ఉంటుంది, మీ పేర ఎన్ని రోజులు నమోదయ్యాయో అందులో తేలుతుంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా వస్తుంది. నెలకోసారి తీసి చూసుకోండి. రేపు నిరుద్యోగ భృతి అయినా, రెసిడెన్సీ అయినా ఆ రోజులే లెక్క. పురుగుమందు కొట్టడానికి విడిగా కార్డు కావాలి, అది లేకుండా ఎవరైనా ట్యాంకు వీపుకు తగిలిస్తే వద్దనండి.

గుంటూరు, ఖమ్మం వాళ్ళు తప్పకుండా చూడాల్సింది ఉత్తరాన లా వేరా. అక్కడి మిరపపొడిని పిమెంతోన్ అంటారు. మిరప అమెరికా నుంచి స్పానిష్ ఓడల్లో ఇక్కడికి వచ్చింది, యూస్తే మఠం సన్యాసులు పెంచారని చెబుతారు. మన దేశానికి అది పోర్చుగీసుల వెంట వచ్చింది. మా ఊరి నుంచి పోర్చుగల్ సరిహద్దు కారులో పావుగంట కూడా లేదు, ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. మనకు కోత ఎండాకాలం ముంగిట వస్తుంది కాబట్టి కల్లంలో పరిచి ఆరబెడతాం. లా వేరాలో కాయ సెప్టెంబరు, అక్టోబరుల్లో చేతికొస్తుంది, సరిగ్గా కొండల మీద వానలు మొదలయ్యే సమయం. ఎండకు వదిలితే కుళ్ళిపోతుంది. అందుకని రెండంతస్తుల గుడిసెల్లో కింద ఓక్ కట్టెల మంట పెట్టి, పైన పలకల సందుల మీద కాయలు పోసి, పది పదిహేను రోజులు పొగబెడతారు. రోజూ ఒక మనిషి పైకెక్కి కాయలు తిరగేస్తాడు, కళ్ళనీళ్ళు కారుతూనే ఉంటాయి. వానను తప్పించుకోడానికి పట్టిన పొగే ఇప్పుడు ఆ పొడికి ధర తెచ్చింది. తియ్యటిది, తీపికీ కారానికీ మధ్యస్థంగా ఉండేది, కారంది, మూడు రకాలు. కారం రకం కూడా మన నాలుకకు ఆనదు. పప్పులో మాత్రం వేయకండి, వంటిల్లు తగలబడినట్టుంటుంది. బంగాళదుంప వేపుడులో వేస్తే బ్రహ్మాండం.

లా వేరా పక్కనే పొగాకు. స్పెయిన్ పొగాకు దాదాపు అంతా ఈ చుట్టుపక్కలదే. ప్రకాశం జిల్లావాళ్ళకు పొగాకు ఆరబెట్టే బ్యారన్లు ఏమిటో చెప్పక్కర్లేదు, ఇక్కడివి చిల్లుల ఇటుక గోడలతో పొడుగ్గా ఉంటాయి, చాలావాటిలో ఇప్పుడు ఏమీ లేదు.

తిండి విషయంలో శాకాహారులకు కాస్త ఓపిక కావాలి. ‘మాంసం వద్దు’ అంటే హమోన్ ముక్కలు చల్లి తెస్తారు. పంది తొడను ఉప్పులో ఊరబెట్టి, రెండు నుంచి నాలుగేళ్ళు వేలాడదీసి ఆరబెట్టినదే హమోన్, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు, రుచి. ‘హమోన్ వద్దు, చేప వద్దు’ అని విడివిడిగా చెప్పాలి. కాల్చిన మిరపకాయలు, టమాటాలతో చేసే సొరొంగోయో సలాడ్ అడగండి. కసార్ ఊరి గొర్రెపాల చీజ్‌కు తోడుగా వేసేది దూడ పొట్టలోని పదార్థం కాదు, అడవి ముళ్ళపువ్వు రసం. కాబట్టి నిష్ఠ ఉన్నవాళ్ళూ తినొచ్చు, వాసన తట్టుకోగలిగితే. బియ్యం కొనేటప్పుడు ‘లార్గో’ అని రాసి ఉన్న పొడుగు గింజ తీసుకోండి, ఈ నది పక్కనే పండుతుంది, సోనా మసూరి కాకపోయినా అన్నం పొడిపొడిగా వస్తుంది. చింతపండు, కరివేపాకు కావాలంటే మాడ్రిడ్‌లోని లవపియేస్ కంటే లిస్బన్‌లోని మార్తిమ్ మొనీజ్ మాకు దగ్గర, సుమారు 230 కిలోమీటర్లు.

మాంసం తినేవాళ్ళు మాత్రం లేబుల్ రంగు చూడండి. చెట్ల మధ్య అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఓక్ కాయలు మేసిన అసలైన ఐబీరియన్ జాతి పందికి నలుపు లేబుల్, సంకరజాతి అయితే ఎరుపు, కొట్టంలో దాణా తిన్నదానికి తెలుపు. ఆ మేత చెట్లున్న పచ్చికనే దెయేసా అంటారు, ఈ ప్రాంతంలో పది లక్షల హెక్టార్లకు పైగా ఉంది. కార్కు ఓక్ బోదెల మీద తెల్లరంగుతో ఒక అంకె కనిపిస్తుంది, బెరడు ఒలిచిన ఏడాది చివరి అంకె అది. తొమ్మిదేళ్ళకు గాని మళ్ళీ కత్తి తగలనివ్వరు. ఇక్కడ పెరిగిన పందుల్లో చాలా భాగం సలమాంకా వైపు వెళ్ళి అక్కడ హమోన్‌గా మారతాయి. ఆలివ్ నూనె, వైన్ ట్యాంకర్లలో పోతాయి. కరెంటు కూడా అంతే, ఉసాగ్రే దగ్గర 500 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఉంది, వెలుగు వేరే ఊళ్ళకు. పండించేది ఇక్కడ, పేరు పెట్టేది అక్కడ. వెనుకబాటు ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ ట్యాంకర్లనే.

చలికాలం గురించి ఎవరూ చెప్పరు. ఎండాకాలం కోసం కట్టిన ఇళ్ళు ఇవి, నేల చల్లరాయి, హీటర్ ఉండదు. డిసెంబరులో నది మీంచి పొగమంచు లేచి రోజులకొద్దీ కదలదు. పాత ఇళ్ళలో గుండ్రటి బల్ల, దాని మీద నేలదాకా దుప్పటి, కింద కుంపటి ఉంటాయి. ఇప్పుడది కరెంటు కుంపటి. కాళ్ళు లోపల పెట్టుకుని సాయంత్రమంతా కబుర్లు చెబుతారు. పొరుగింటివాళ్ళు ఆ బల్ల దగ్గరికి పిలిస్తే మీరు ఊళ్ళో కలిసిపోయినట్టే. వాళ్ళ మాట మొదట్లో అర్థం కాదు, ‘స’ను మింగేస్తారు, ‘కొంచెం’ అనడానికి పోకీనో అంటారు. మీరూ ఒకసారి పోకీనో అని చూడండి, కాఫీ ఉచితంగా వస్తుంది.

మళ్ళీ క్యాలెండర్‌కే వద్దాం. మీ చేతుల్లో ఉంటే జనవరి, ఫిబ్రవరుల్లో దిగండి. గదులు ఖాళీగా ఉంటాయి, కంపాన్యాకు మనుషులను తీసుకునే లోపు కాగితాలు, కాస్త స్పానిష్ చేతికొస్తాయి. జనవరిలోనే దోన్ బెనీతోలో వ్యవసాయ ప్రదర్శన జరుగుతుంది, ఫ్యాక్టరీలవాళ్ళు, యంత్రాలవాళ్ళు అంతా ఒకేచోట దొరుకుతారు. బయోడేటా పది కాపీలు పట్టుకెళ్ళండి. మార్చి చివర్లో హెర్తే లోయలో చెర్రీచెట్లు ఒకేసారి పూస్తాయి, రాతిగట్ల మీద చిన్న చిన్న కుటుంబ కమతాలు, మే నుంచి కాయ కోతంతా చేత్తోనే, ఆ వారాల్లో వాన పడితే కాయ పగిలిపోతుంది. పూత చూడ్డానికి శని, ఆదివారాల్లో వెళ్ళకండి, ప్లసెన్సియా దాటాక కార్లు కదలవు. మంగళవారం వెళ్ళండి, ఆ రోజు ప్లసెన్సియా నడిబొడ్డున సంత, వందల ఏళ్ళుగా మంగళవారమే. కొండల నుంచి దిగివచ్చిన రైతులు మేకచీజ్, తేనె, పిమెంతోన్ డబ్బాలు పెట్టుకుని కూచుంటారు. రుచి చూడమని ఇస్తారు, బేరం మాత్రం ఆడనివ్వరు.