వేర్వేరు ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ చికిత్స ఫలితాలను పోల్చే పద్ధతి

ఒక ఆసుపత్రి తన నివేదికలో 95 శాతం మందికి వైరస్ అదుపులో ఉందని, మరొక ఆసుపత్రి 90 శాతం మందికి ఉందని రాసినప్పుడు, మొదటిదే మెరుగని తేల్చేయడం తేలిక. అయితే ఆ శాతానికి హారం ఏమిటో, అంటే ఎంతమందిలో 95 శాతమో అడగనంతవరకు ఆ పోలికకు విలువ లేదు. అందువల్ల ఈ పని చేపట్టేవారు ముందుగా శాతాలను పక్కనపెట్టి, రెండు చోట్లా ఒకే కాలంలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు మొదలుపెట్టిన వారందరి జాబితాను తెప్పించుకోవాలి. పేర్లు అవసరం లేదు, నమోదు సంఖ్యలు చాలు.

ఉదాహరణకు రెండు ఆసుపత్రుల్లోనూ 200 మంది చొప్పున చికిత్స మొదలుపెట్టారనుకుందాం. 12 నెలల తర్వాత మొదటి ఆసుపత్రిలో 120 మందికే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే) పరీక్ష జరిగింది, వారిలో 114 మందికి వైరస్ అదుపులో ఉంది. అది 95 శాతం. రెండవ చోట 180 మందికి పరీక్ష జరిగి, 162 మందికి అదుపులో ఉన్నట్లు తేలింది. అది 90 శాతం. ఇప్పుడు చికిత్స మొదలుపెట్టిన 200 మందినే హారంగా తీసుకుంటే మొదటి ఆసుపత్రి ఫలితం 57 శాతానికి పడిపోతుంది, రెండవది 81 శాతం దగ్గర నిలుస్తుంది. క్రమం తప్పక వచ్చేవారికే పరీక్ష జరుగుతుంది, మందులు మానేసినవారు ఆ లెక్కలోకే రారు; కాబట్టి రోగులను ఎక్కువగా పోగొట్టుకున్న ఆసుపత్రే కాగితం మీద మెరుగ్గా కనిపించే ప్రమాదం ఉంది.

ఇక ఆ మొదటి ఆసుపత్రిలో పరీక్ష జరగని 80 మంది ఏమయ్యారన్నది రిజిస్టరులో ఒక్కొక్క వరుసే చూసి తేల్చుకోవలసిన విషయం. ఈ పనికి ఎక్కువ సమయం పడుతుంది, పోలిక నిలబడేదీ దీని మీదే. మరణించినవారు, చికిత్స మానేసినవారు, వేరే కేంద్రానికి బదిలీ అయినవారు, మందులు వాడుతున్నా పరీక్ష జరగనివారు అని వారిని విడదీయాలి. ‘బదిలీ’ అని రాసి, తేదీ గానీ చేరిన కేంద్రం పేరు గానీ లేకపోతే దాన్ని బదిలీగా లెక్కించకూడదు. అక్కడ చేరినట్లు రూఢి అయితేనే హారం నుంచి తీసివేయాలి. దీనికి భిన్నంగా, చెప్పకుండా మరో చోట చేరి మందులు కొనసాగిస్తున్నవారు కూడా ‘మానేసినవారి’ కింద నమోదై ఉండవచ్చు. రెండు ఆసుపత్రుల్లోనూ ఒకే శ్రద్ధతో వాకబు చేయకపోతే, వాకబు బాగా చేసిన చోట మరణాలు ఎక్కువగా బయటపడి, శ్రమపడిన ఆసుపత్రికే చెడ్డపేరు వస్తుంది.

నిర్వచనాలు కూడా ఒకటే కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మిల్లీలీటరు రక్తంలో 1000 వైరస్ కాపీల వరకు ఉంటే అది అదుపులో ఉన్నట్లే పరిగణిస్తుంది. కొన్ని ఆసుపత్రులు 200ను, మరికొన్ని 50ని హద్దుగా పెట్టుకుంటాయి. అలాగే మందుల కోసం రావలసిన తేదీ దాటిన 28 రోజులకే ఒకచోట చికిత్స ఆగినట్లు రాస్తే, ఇంకొకచోట 90 రోజుల వరకు వేచి చూస్తారు. ఏ హద్దు ఎంచుకున్నా ఫరవాలేదు గానీ అది రెండింటికీ వర్తించాలి. చికిత్స మొదలుపెట్టిన సంవత్సరం కూడా కలవాలి, ఎందుకంటే డోల్యూటెగ్రవీర్‌ను మొదటి వరుస చికిత్సలో ప్రధాన మందుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సిఫారసు చేసింది. అంతకుముందు ఎఫావిరెంజ్‌తో మొదలుపెట్టినవారిని ఆ తర్వాతివారితో పోల్చితే తేలేది మందుల తేడాయే గానీ ఆసుపత్రుల తేడా కాదు.

తర్వాత చూడవలసింది ఎలాంటి రోగులు వచ్చారన్నది. సీడీ4 (రోగనిరోధక శక్తిని తెలిపే రక్తకణాల) సంఖ్య 200 కంటే తగ్గిన తర్వాత వచ్చేవారికి క్షయ వంటి అవకాశవాద (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు సోకే) వ్యాధుల ముప్పు, మరణపు ముప్పు ఎక్కువ. రెండు ఆసుపత్రులూ త్వరగా వచ్చినవారిలో 90 శాతం, ఆలస్యంగా వచ్చినవారిలో 70 శాతం మంచి ఫలితాలు సాధించాయనుకుంటే, ఆలస్యంగా వచ్చినవారు 20 శాతమే ఉన్నచోట మొత్తం ఫలితం 86 శాతంగా, 60 శాతం ఉన్నచోట 78 శాతంగా కనబడుతుంది. చికిత్సలో తేడా ఏమీ లేదు. రెండు వర్గాలకూ సమానమైన బరువు ఇచ్చి లెక్కిస్తే రెండూ 80 శాతమే. ఇలా రోగి వెంట వచ్చిన అంశాలనే, అంటే వయసు, సీడీ4, గర్భం, క్షయ వంటివాటినే లెక్కలో సరిచేయాలి. మందుల కొరత, నిరీక్షణ సమయం వంటివాటిని కూడా సరిచేస్తే మనం కొలవదలచుకున్న తేడానే చెరిపేసినట్లవుతుంది.

చిన్న కేంద్రాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 20 మందిలో 18 మందికి మంచి ఫలితం వస్తే అది 90 శాతమే అయినా, 95 శాతం విశ్వాస అవధి (అసలు విలువ ఉండగల పరిధి) సుమారు 70 నుంచి 97 వరకు ఉంటుంది. కాబట్టి ర్యాంకులు వేయకుండా, ఒక్కొక్క ఆసుపత్రి పక్కన ఈ అవధిని కూడా చూపాలి.

ఇంత జల్లెడ పట్టాక కూడా తేడా మిగిలితే అప్పుడు ఆసుపత్రి లోపలికి చూడాలి. మందుల నిల్వ పుస్తకంలో ఖాళీ అయిన రోజులు ఉన్నాయేమో, వైరల్ లోడ్ 1000 దాటినవారికి కౌన్సెలింగ్ ఇచ్చి 3 నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేశారో లేదో పరిశీలించాలి. అలాంటివారి ఫైళ్లు పది తీసి, రక్తనమూనా ఇచ్చిన తేదీకీ, ఫలితం రోగికి చెప్పిన తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టడంతో ఈ పరిశీలన మొదలుపెట్టవచ్చు.