పాత కంప్యూటర్ తీసేసే ముందు ఎండీఐ ఫైళ్ల సంగతి చూసుకోండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఆఫీసుల్లో, ఇళ్లలో పాత సిస్టమ్‌లు మారుతున్నాయి. మార్చేటప్పుడు ఫొటోలు, టాలీ డేటా అందరికీ గుర్తుంటాయి. పాత స్కాన్‌ల ఫోల్డర్‌ని మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి లాగేసి, తెరిచి చూడకుండానే పాత సిస్టమ్‌ని అమ్మేస్తారు. టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

ముందుగా ఆ ఫోల్డర్‌లో ఫైలు పేర్ల చివర ఎం, డి, ఐ అనే మూడక్షరాలు ఉన్నాయేమో వెతకండి. అవి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ డాక్యుమెంట్ ఇమేజింగ్ అనే పాత ప్రోగ్రామ్ తయారుచేసిన ఫైళ్లు. అందరూ దాన్ని ‘మోడి’ అనేవారు. ఆఫీస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చింది, ఆఫీస్ 2003లో కొనసాగింది. ఆఫీస్ 2007లో ఉన్నా, మనం విడిగా ఎంచుకుంటేనే ఇన్‌స్టాల్ అయ్యేది. ఆఫీస్ 2010 నుంచి తీసేశారు, అందుకే కొత్త సిస్టమ్‌లో ఈ ఫైళ్లు మామూలుగా తెరుచుకోవు. స్కాన్ చేయడం, అక్షరాలు గుర్తుపట్టడం, హైలైట్ గీయడం, ప్రింట్ కొట్టినట్టే ఫైలుగా దాచడం అన్నీ ఒక్కచోటే అయిపోయేవి కాబట్టి దస్తావేజులతో పని ఉన్నవాళ్లు బాగానే వాడారు.

ఎండీఐ అనేది, స్కాన్ బొమ్మల్ని దాచడానికి అందరూ వాడే టిఫ్ రకం ఫైలుకి దగ్గరి చుట్టమే కానీ టిఫ్ కాదు. లోపల పేజీని కుదించే పద్ధతులు మైక్రోసాఫ్ట్ సొంతవి. అందుకని ఫైలు పేరు చివర టిఫ్ అని మార్చేస్తే తెరుచుకుంటుందనుకోవద్దు. అలా పేరు మార్చిన ఫైళ్లు తర్వాత ఏవి అసలు టిఫ్‌లో, ఏవి కావో తేలక ఇంకా పెద్ద గందరగోళం.

నా సలహా ఒక్కటే: కొత్త సిస్టమ్‌లో మోడిని బతికించే ప్రయత్నం కన్నా, పాత సిస్టమ్ నడుస్తుండగానే ఫైళ్లని మార్చేయండి. మోడిలో ఫైలు తెరిచి, సేవ్ యాజ్‌లో టిఫ్ ఎంచుకుంటే చాలు. వందల ఫైళ్లుంటే, ఎండీఐని టిఫ్‌గా మార్చడానికి మైక్రోసాఫ్టే ఇచ్చిన చిన్న కన్వర్టర్ ఉంది. దాన్ని కమాండ్ లైన్‌లో, అంటే ఆదేశం టైప్ చేసి నడపాలి. ముందు మొత్తం ఫోల్డర్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకుని, ఆ తర్వాతే చేయి పెట్టండి.

మార్చాక పేజీలు లెక్కపెట్టండి. ఇది విసుగు పని, కానీ దీన్ని మాత్రం వదలొద్దు. ఒకే టిఫ్‌లో చాలా పేజీలు ఉండొచ్చు, కొన్ని వ్యూయర్లు మొదటి పేజీ మాత్రమే చూపిస్తాయి. ఒక ఆడిటర్ ఆఫీసులో మూడు పేజీల పంపకాల కాగితం ఒక్క పేజీగా కనిపిస్తే, మిగతావి పోయాయని రోజంతా వెతికాం. పోలేదు, చూసే ప్రోగ్రామ్‌కే చేతకాలేదు. అలాంటి ప్రోగ్రామ్‌లో తిప్పి సేవ్ చేసి ఉంటే నిజంగానే పోయేవేమో. హైలైట్లు, పక్కన రాసుకున్న నోట్లు ఉన్న పేజీలని విడిగా సరిచూసుకోండి.

పాత సిస్టమ్ ఇప్పటికే చెడిపోయిందా? మీ దగ్గర ఆఫీస్ 2007 డిస్క్ ఉంటే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆఫీస్ టూల్స్ కింద మోడి ఒక్కదాన్నే ఎంచుకోవచ్చు. డిస్క్ లేకపోతే, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన షేర్‌పాయింట్ డిజైనర్ 2007 అనే ప్రోగ్రామ్‌లోనూ ఇది ఉంది. మైక్రోసాఫ్ట్ కూడా ఇదే దారి చెప్పింది. ఊరూపేరూ లేని సైట్లలో ‘మోడి సెటప్’ అని కనిపించేవాటిని మాత్రం దించొద్దు. ఆఫీస్ 2007కి భద్రతా అప్‌డేట్లు 2017 అక్టోబర్ 10తోనే ఆగాయి కాబట్టి, నెట్ తీసేసిన సిస్టమ్‌లో మీ సొంత ఫైళ్లు మాత్రమే తెరిచి, పని కాగానే తొలగించండి.

ఎక్సెల్ మాక్రోలతో మోడి చేత అక్షరాలు చదివించుకునేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అది 32 బిట్ సరుకు, 64 బిట్ ఆఫీస్ దాన్ని నేరుగా పిలవలేదు. మాక్రో ఎర్రర్ ఇస్తే కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చోవద్దు. తెలుగు కాగితాల విషయంలో అయితే బాధపడాల్సింది లేదు, మోడికి తెలుగు చదవడం ఎప్పుడూ రాలేదు. ఉచితంగా దొరికే టెసరాక్ట్ అనే అక్షరాలు గుర్తుపట్టే ప్రోగ్రామ్‌కి తెలుగు వచ్చు. అచ్చు శుభ్రంగా ఉంటే పనికొస్తుంది, చేతిరాత దస్తావేజుల మీద ఆశ పెట్టుకోవద్దు.

పేపర్‌పోర్ట్ అనే స్కానింగ్ ప్రోగ్రామ్ వాడినవాళ్లు ఎండీఐతో పాటు మాక్స్ ఫైళ్ల కోసం కూడా వెతకండి. వాటినీ ఆ ప్రోగ్రామ్ తెరుచుకుంటున్నప్పుడే పీడీఎఫ్‌గా మార్చుకోవాలి. పాత హార్డ్ డిస్క్‌ని మాత్రం ఇంకో ఆరు నెలలు బీరువాలో ఉంచండి.