వెల్డింగ్ హెల్మెట్‌లో భూతద్దం పెట్టుకోవడం ఎలా

కావలిలో నా షెడ్డుకి ఎక్కువగా రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్ల ఫ్రేములే వస్తాయి. నలభై ఐదేళ్లు దాటాక ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) పడగానే జాయింటు మసకగా కనిపించేది, రాడ్డు గీత తప్పి పక్కకి పోయేది. నా పనితనం పోయిందని చాలా బాధపడ్డాను. చివరికి తేలింది, దగ్గరి చూపు తగ్గిందని.

హెల్మెట్ లోపల పట్టే భూతద్దం దొరుకుతుంది. మామూలు సైజు 2 అంగుళాల ఎత్తు, 4¼ అంగుళాల వెడల్పు. పవర్ దూరాన్ని బట్టి తీసుకోవాలి. టేపు పెట్టి కంటి నుంచి జాయింటు దాకా కొలవండి. అర మీటరు ఉంటే సుమారు 2, నలభై సెంటీమీటర్లయితే 2.5. ఎక్కువ పవర్ మంచిదని 3 కొంటే తల బాగా దగ్గరికి వంచాలి, పొగంతా ముక్కులోకే. దూరం చూపు కళ్లద్దాలుంటే అవి తీయకండి.

వరస ముఖ్యం. బయట తెల్లద్దం, తర్వాత నల్లద్దం, కంటివైపు భూతద్దం. ఆర్క్ వెలుగును భూతద్దం ఆపదు, నల్లద్దం లేకుండా ఒక్క టాకా (చిన్న అతుకు) కూడా వెయ్యొద్దు. ఆటోమేటిక్ హెల్మెట్ అయితే లోపల గాడి ఉందో లేదో చూసి కొనండి.

ఆర్క్ వేయకముందే, ఆటోమేటిక్ హెల్మెట్ పెట్టుకుని జాయింటు దగ్గర స్టీలు స్కేలు ఉంచి చూడండి. మిల్లీమీటరు గీతలు విడివిడిగా కనిపిస్తే పవర్ సరిపోయినట్టే. భూతద్దాన్ని బనీనుతో మాత్రం తుడవకండి, ఇనప రజను గీతలు పెట్టేస్తుంది. నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దండి.