లోను తీరని కారును ఎక్స్ఛేంజ్‌లో ఇస్తున్నారా? పాత అప్పు డీలర్ చేత ఇలా కట్టించండి

లోను ఇంకా మిగిలున్న కారును షోరూంలో ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేవాళ్లు ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటారు. "పాత లోను సంగతి మేం చూసుకుంటాం సార్" అన్న మాట నమ్మి తాళాలు చేతిలో పెట్టేస్తారు. నెల తిరిగేసరికి కొత్త కారు ఈఎంఐతో పాటు పాత కారుదీ కట్ అవుతుంది. లోను ఒప్పందం మీకూ బ్యాంకుకూ మధ్యే తప్ప డీలర్ అందులో లేడు. అతను కట్టినా కట్టకపోయినా బ్యాంకు అడిగేది మిమ్మల్నే, సిబిల్ స్కోరు పడేదీ మీదే.

ముందు సర్దుకోవాల్సినవి

ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాలు, రెండు తాళాలు దగ్గర పెట్టుకోండి. చలానాలుంటే కట్టేయండి. కారు ఇచ్చిన రోజే ఫాస్టాగ్ మూయించండి. పాత పాలసీ మీద క్లెయిం చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిం బోనస్‌కు బీమా కంపెనీ నుంచి లెటర్ తీసుకోండి, అది మూడేళ్లు చెల్లుతుంది. వీటికి ఒక పూట చాలు.

ఫోర్‌క్లోజర్ లెటర్

లోనును గడువుకు ముందే పూర్తిగా తీర్చాలంటే ఎంత కట్టాలో బ్యాంకు రాసిచ్చే లెటర్ ఇది. దీన్ని మీరే బ్యాంకు నుంచి తీసుకోవాలి. డీలర్ తెప్పిస్తానంటే ఒప్పుకోకండి. అందులో నాలుగు అంకెలు చూడాలి: మిగిలిన అసలు, ఫోర్‌క్లోజర్ ఛార్జీ, దానిమీద 18 శాతం జీఎస్టీ, రోజుకు పెరిగే వడ్డీ. ఆ లెక్క ఏ తేదీ వరకు చెల్లుతుందో కూడా ఉంటుంది. కారు లోన్లు ఎక్కువగా స్థిర వడ్డీవి కాబట్టి ఛార్జీ పడుతుంది. సొంత వాడకానికి తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) లోను అయితే వ్యక్తుల నుంచి ఈ ఛార్జీ తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. లెటర్లో వేసి ఉంటే తీయించండి.

ఒప్పందం కాగితం మీద

బుకింగ్ ఫారం మీద "లోను డీలర్ క్లియర్ చేయును" అని రాసిచ్చే ఒక్క లైను దేనికీ పనికిరాదు. షోరూం లెటర్‌హెడ్ మీద, మేనేజర్ సంతకంతో, స్టాంపుతో ఇవి ఉండాలి: కారు నంబరు, ఛాసిస్ నంబరు, లోను ఖాతా నంబరు, పాత కారుకు డీలర్ కట్టిన ధర, బ్యాంకుకు వెళ్లే మొత్తం, కట్టే తేదీ, ఆలస్యమైతే పెరిగే వడ్డీ ఎవరిది, మిగిలిన డబ్బు కొత్త కారు బిల్లులో ఎంత తగ్గుతుంది. ఎక్స్ఛేంజ్ బోనస్‌ను విడిగా రాయించండి; పాత కారు ఇచ్చినందుకు కార్ల కంపెనీ ఇచ్చే తగ్గింపు ఇది. అది కారు ధరలో కలిపేస్తే తర్వాత "కంపెనీ నుంచి ఇంకా రాలేదు" అంటూ లోను డబ్బులోంచే కోస్తారు.

కారు ధర కంటే అప్పే ఎక్కువగా ఉంటే ఆ తేడాను మీరే నేరుగా లోను ఖాతాకు కట్టండి. షోరూం చేతికి ఇవ్వొద్దు.

డబ్బు బ్యాంకుకు చేరే ఘట్టం

గొడవలన్నీ పుట్టేది ఇక్కడే, అందుకే నిదానంగా చదవండి.

ఒక లెక్క చూద్దాం. మిగిలిన అసలు 2,80,000, వడ్డీ 9.5 శాతం. ఫోర్‌క్లోజర్ ఛార్జీ 5 శాతం అనుకుంటే 14,000, దానిమీద జీఎస్టీ 2,520. మొత్తం 2,96,520. రోజుకు వడ్డీ సుమారు 73 రూపాయలు. డీలర్ 25 రోజులు ఆగి, అదే పాత లెటర్ చూసి 2,96,520 పంపాడనుకోండి. దాదాపు 1,800 తక్కువ పడుతుంది. అంత చిన్న తేడాకే లోను మూతపడదు. బ్యాంకు ఆ డబ్బును ఖాతాలో పెట్టుకుని ఊరుకుంటుంది, ఎన్ఓసీ (బాకీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం) రాదు. డీలరేమో "మేం కట్టేశాం" అంటాడు. ఇద్దరి మాటా నిజమే, మధ్యలో నలిగేది మీరు.

ఇంకో చిక్కు ఈఎంఐతో వస్తుంది. ఆ 25 రోజుల్లో మీ ఖాతా నుంచి 9,800 ఈఎంఐ వెళ్లిందనుకోండి. అందులో సుమారు 7,600 అసలుకు జమవుతుంది, అంటే డీలర్ కట్టాల్సింది ఆ మేరకు తగ్గుతుంది. ఆ లాభం మీకు రావాలి. కారు ఇచ్చాక కట్ అయిన ఈఎంఐలో అసలు భాగాన్ని డీలర్ తిరిగివ్వాలని ఒప్పందంలో లేకపోతే అది షోరూంకే మిగులుతుంది.

కాబట్టి తాళాలు ఇచ్చే రోజే డబ్బు కదలాలి. అన్నిటికంటే మంచి పద్ధతి, డీలర్ బ్యాంకు పేరున డీడీ తీసి, దానిమీద మీ లోను ఖాతా నంబరు రాయడం. అతని మనిషి, మీరు కలిసి బ్రాంచికి వెళ్లి ఇచ్చి, రసీదు తీసుకుని, అక్కడే తాళాలు అప్పగించండి. ఆన్‌లైన్‌లో పంపితే యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకుని, లోను స్టేట్‌మెంట్లో జమ కనిపించాకే కారు వదలండి. ఫోన్లో చూపించే స్క్రీన్‌షాట్ రుజువు కాదు. వేరేవాళ్ల ఖాతా నుంచి వచ్చే డబ్బును కొన్ని బ్యాంకులు తీసుకోవు. అప్పుడు డీలర్ మీ ఖాతాకు వేస్తే మీరు కట్టాలి. నగదు ఊసే వద్దు. ముందు కారు ఇచ్చి, తర్వాత చెక్కు తీసుకునే పద్ధతి చాలామందికి సుఖంగా కనిపిస్తుంది గానీ, ఆ చెక్కు బౌన్స్ అయితే చేతిలో కారూ ఉండదు, డబ్బూ ఉండదు.

సంతకాలు

కారు వేరేవాళ్ల పేరుకు మార్చే ఫారం 29, 30 మీద కొనేవాళ్ల పేరు, తేదీ లేకుండా సంతకం పెట్టకండి. ఆర్సీ మీ పేరున ఉన్నంతకాలం ఆ కారు ప్రమాదం చేస్తే బాధ్యత మీ దాకా వస్తుందని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. డీలర్‌కు రవాణా శాఖ అధికారపత్రం ఉంటే ఫారం 29సీ ద్వారా కారు అప్పగించినట్టు నమోదు చేయించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఉన్న ఈ నిబంధన ప్రకారం ఆ తర్వాత బాధ్యత డీలర్‌ది. అప్పగించిన రసీదు మీద తేదీతో పాటు గంట, కిలోమీటర్లు కూడా రాయించండి.

లోను మూతపడ్డాక బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఆర్సీ మీద బ్యాంకు పేరు తీయించే ఫారం 35 రెండు ప్రతులూ మీ చేతికే రావాలి. జిరాక్సు ఉంచుకుని, రసీదు మీద డీలర్‌కు ఇవ్వండి.

డీలర్ కట్టకుండా నానుస్తుంటే

కోపంతో ఈఎంఐ ఆపకండి. ఆపితే డీలర్‌కు నష్టం లేదు, మీ సిబిల్ పాడవుతుంది. కట్టి, ఆ డబ్బును క్లెయింలో కలపండి. ఫోన్లు మానేసి మెయిల్ రాయండి: షోరూం జనరల్ మేనేజర్‌కు, కార్ల కంపెనీ కస్టమర్ కేర్‌కు ఒకే మెయిల్లో, కొత్త ఫోర్‌క్లోజర్ లెటర్ జతచేసి, ఏడు రోజుల గడువుతో. పలకకపోతే 15 రోజుల లాయర్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, చేరిన రుజువు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. షోరూం హైదరాబాద్‌లో ఉన్నా, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, అదీ రెండేళ్లలోపు. డీలర్ లోను కట్టకుండానే కారు అమ్మేసుకుంటే పోలీసు స్టేషన్‌కూ వెళ్లండి, అది నమ్మకద్రోహం కింద నేరం.

డబ్బంతా చేరాక కూడా బ్యాంకే నానిస్తే దారి వేరు. పూర్తిగా కట్టిన 30 రోజుల్లో కాగితాలు ఇచ్చి హైపోథికేషన్ (కారు మీద బ్యాంకు తాకట్టు హక్కు) తీయించకపోతే, తప్పు బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం ఇవ్వాలి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి.

నెలన్నర తర్వాత రెండు చూడండి: సిబిల్ రిపోర్టులో ఆ లోను "క్లోజ్డ్" అని పడిందా, రవాణా శాఖ రికార్డులో కారు మీ పేరు మీద నుంచి పోయిందా. "సెటిల్డ్" (పూర్తిగా కట్టకుండా రాజీతో ముగిసినట్టు) అని ఉంటే ఊరుకోకండి, బ్యాంకు చేత మార్పించండి.